బాయిలో ఎనిమిది గంటలు, వాచీలో ఒక స్ప్రింగు

బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో పనివేళల చరిత్ర అనగానే అందరూ సైరన్ గురించే చెబుతారు. ఏడింటికి ఫస్ట్ షిఫ్టు, మూడింటికి సెకండ్ షిఫ్టు, పదకొండింటికి నైట్ షిఫ్టు అంటూ ఊరంతటినీ నడిపింది అదే. కానీ సైరన్ వేళ చెబుతుందే తప్ప గడిచిన కాలాన్ని కొలవదు. బొగ్గుబాయికి ఆ కొలతే ప్రాణం. 1952 గనుల చట్టం భూగర్భంలో పనిని రోజుకు 8 గంటలకు, వారానికి 48 గంటలకు పరిమితం చేసింది. షిఫ్టు మొదలయ్యే ముందు రెండు గంటల లోపే పనిచోటు భద్రత చూసే సర్దార్ దాన్ని తనిఖీ చేయాలి. బొగ్గు పగలగొట్టే పేలుడు మందు పేలకపోతే నిర్ణీత నిమిషాలు గడిచాకే ఎవరైనా దగ్గరికి పోవాలి. పొద్దు కనిపించని, సైరన్ వినిపించని ఆ చీకట్లో ఇవన్నీ అమలు కావాలంటే చేతి వాచీ కావాలి, ఆ వాచీ నమ్మదగినదై ఉండాలి.

ఆ నమ్మకం హెయిర్ స్ప్రింగు నుంచి వచ్చింది. 1675లో డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్ అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రానికి చుట్టలు చుట్టిన సన్నని స్ప్రింగు అమర్చిన వాచీని ప్రకటించాడు. ఆ ఊహ ముందు తనకే వచ్చిందని ఇంగ్లండులో రాబర్ట్ హుక్ వాదించాడు. అంతకుముందు చక్రానికి సొంత లయ లేదు. కీ బిగువుగా ఉన్నప్పుడు ఒక వేగం, సడలినప్పుడు మరొకటి. చక్రం ఎంత దూరం తిరిగితే స్ప్రింగు దాన్ని అంత బలంగా వెనక్కి లాగుతుంది కనుక, ఊపు పెద్దదైనా చిన్నదైనా పట్టే సమయం దాదాపు ఒక్కటే. రోజుకు అరగంటో గంటో తప్పే వాచీ దాంతో నిమిషాల్లోకి వచ్చింది. అరగంట తప్పే వాచీతో ఎనిమిది గంటల హక్కును లెక్కగట్టలేం.

కార్మికుల్లో ఎందరి చేతికి వాచీ ఉండేదని అడగవచ్చు. తొలి రోజుల్లో తక్కువ మందికే. అయితే తనిఖీ చేసే సర్దార్‌కు, అతని పైనుండే ఓవర్‌మన్‌కు అది పనిముట్టే. పైగా గోదావరిఖని ఉన్న రామగుండం ప్రాంతపు గనులు ఎదిగిన 1960లలోనే, 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో బెంగళూరులో మొదలైన హెచ్ఎంటీ వాచీల ఫ్యాక్టరీ, జనతా వంటి కీ వాచీలను సామాన్యుడి చేతికి అందించింది. హక్కు తెచ్చింది పోరాటమే కదా, స్ప్రింగు కాదు కదా అన్న మాటా నిజమే. కానీ గెలిచిన హక్కును రోజూ రుజువు చేసుకోవాలి, ఆ రుజువుకు యజమాని చేతిలో లేని గడియారం ఒకటి ఉండాలి. కార్మిక చరిత్ర రాసేవాళ్లు జెండాలు, కరపత్రాలతో పాటు ఈ వాచీనీ లెక్కలోకి తీసుకోవాలి. రిటైరైన బాయి కార్మికుల ఇళ్లలో ఆగిపోయిన కీ వాచీలు ఉంటే దయచేసి పారేయకండి, ఎవరివో, ఏ గనివో రాసిపెట్టి దాచండి.