వాల్తేరు నుంచి బాచుపల్లి దాకా: బంగాళాఖాత పరిశోధన యాత్రలు

హైదరాబాదు శివారులో బాచుపల్లిని ఆనుకొని ఉన్న ప్రగతినగర్‌లో భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, పనిచేస్తోంది. తీరానికి 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న చోట సముద్ర శాస్త్ర కేంద్రం వెలియడం వింతగా తోచినా, పరిశోధన యాత్రల చరిత్రను గమనిస్తే ఓడ ఏ రేవులో లంగరు వేసిందన్నదానికంటే, అది తెచ్చిన కొలతలు ఎక్కడ పోగై ఎంత త్వరగా ఎవరికి చేరాయన్నదే క్రమంగా ముఖ్యమైందని తెలుస్తుంది.

1872-76 మధ్య ప్రపంచ సముద్రాలను చుట్టివచ్చిన బ్రిటిష్ నౌక ఛాలెంజర్ హిందూ మహాసముద్రపు దక్షిణ భాగం మీదుగానే సాగిపోగా, బంగాళాఖాతపు లోతులను వెదికే పని 1881లో జలప్రవేశం చేసిన ఇన్వెస్టిగేటర్ సర్వే నౌకకు దక్కింది. 1888లో ఆ నౌకలో వైద్యుడిగా, జీవశాస్త్రజ్ఞుడిగా చేరిన ఆల్ఫ్రెడ్ ఆల్కాక్ లోతు నీటి జీవుల నమూనాలను సేకరించగా, అవి కలకత్తా మ్యూజియానికి చేరాయి.

తెలుగు తీరంలో ఈ శాస్త్రానికి పునాది వేసింది వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం. 1952లో వాల్తేరుకు అతిథి ఆచార్యుడిగా వచ్చిన అమెరికన్ శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్, విద్యార్థులతో కలిసి నౌకాదళ ఓడలపై కొలతలు తీయించాడు. ఆ కాలపు ప్రధాన పరికరం నాన్సెన్ సీసా: తీగకు కట్టి లోతుకు దింపిన ఆ లోహపు గొట్టం, పైనుంచి తీగ వెంట జారవిడిచిన చిన్న బరువు తగలగానే తలకిందులై నీటిని తనలో బంధిస్తుంది, దానికి అమర్చిన థర్మామీటరులోని పాదరసం అప్పుడే తెగి ఆ లోతులోని ఉష్ణోగ్రతను నిలిపి ఉంచుతుంది. ఇలాంటి కొలతల ఆధారంగానే, తీరం వెంట వీచే గాలి ఉపరితల జలాన్ని లోపలి సముద్రానికి నెట్టగా అడుగు నుంచి చల్లని, పోషకాలు నిండిన నీరు పైకి ఉబికే ప్రక్రియను ఆయన ఈ తీరంలో వివరించాడు. 1964లో ఆయన ప్రచురించిన వ్యాసం తూర్పు తీరపు ఖండవాలులోని మూడు సముద్రగర్భ లోయలను ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అనే పేర్లతో వర్ణించింది; వీటిలో రెండు పేర్లు ఆ విశ్వవిద్యాలయాన్నీ, అక్కడి భూగర్భశాస్త్ర ఆచార్యుడు సి. మహదేవన్‌నూ తలపిస్తాయి.

1959-65 నాటి అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో 40కి పైగా నౌకలు పాల్గొన్నాయి. భారత్ తరఫున ఐ.ఎన్.ఎస్. కిస్త్నా వంటివి వెళ్లగా, ఒకప్పుడు అమెరికా అధ్యక్షుడి విహార నౌకగా ఉన్న ఆంటన్ బ్రున్ 1963లో బంగాళాఖాతంలో తిరిగింది. ఆ యాత్ర ఫలితంగా 1966లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఏర్పడినప్పటికీ, అన్ని దేశాల కొలతలను కూర్చి క్లాస్ విర్ట్‌కీ రూపొందించిన అట్లాసు 1971లో గానీ వెలువడలేదు.

1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ ఈ జాప్యాన్ని తగ్గించే వ్యవస్థలో భాగమైంది. ఆర్గో అనే స్వయంచాలక పరికరం వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, దాదాపు పది రోజులకొకసారి రెండువేల మీటర్లకు దిగి, పైకి వస్తూ ఉష్ణోగ్రత, లవణీయతలను కొలిచి ఉపగ్రహానికి పంపుతుంది. ఆ సమాచారం సాధారణంగా ఒక రోజులోపే అందరికీ అందుబాటులోకి వస్తుంది. ఉపగ్రహాలు చూపే ఉపరితల ఉష్ణోగ్రత, పచ్చదనపు తేడాలను బట్టి చేపలు దొరికే చోట్లను మత్స్యకారులకు ఈ కేంద్రం తెలియజేస్తోంది. 2004 నాటి సునామీ విషాదం తరువాత, 2007 అక్టోబరులో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం కూడా ఇక్కడే మొదలైంది.

అయినా ఓడల అవసరం తీరిపోలేదు. ఆర్గోలను నీటిలో విడిచేది ప్రధానంగా ఓడలే. 2006లో కృష్ణా-గోదావరి బేసిన్ అడుగును తొలిచి, మంచులో బంధితమైన మీథేన్ నిక్షేపాన్ని పైకి తీసిందీ జాయిడ్స్ రిజల్యూషన్ అనే తవ్వక నౌకే. 2015 డిసెంబరులో గోవా నుంచి సాగర్ నిధి బయలుదేరడంతో మొదలైన రెండవ అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రకు సమన్వయ కార్యాలయాలలో ఒకటి ఇన్‌కాయిస్‌లోనే ఏర్పాటు కావడం, తొలి యాత్రలో చివరి పనిగా మిగిలిన సమాచార సంకలనం ఇప్పుడు యాత్రతో పాటే మొదలవుతోందని రుజువు చేస్తోంది.