ఎంపికకు ముందటి ఎంపిక: ఆస్కార్ ప్రవేశాలు - తెలుగు సినిమా

పురస్కారాల చరిత్రను సాధారణంగా విజేతల జాబితాగా రాస్తుంటారు. పోటీకి చిత్రాన్ని పంపే అధికారం ఎవరిదన్న ప్రశ్న మాత్రం విమర్శకుల దృష్టికి అంతగా రాలేదు. ఆస్కార్ పురస్కారాల విషయంలో ఈ ప్రశ్న తెలుగు సినిమాకు చాలా ముఖ్యమైనది. ఆ అధికారం ఉన్న చోటును బట్టే మన చిత్రాల ఉనికి, లేమి నిర్ణయమయ్యాయి.

అమెరికా చలనచిత్ర అకాడమీ తొలుత విదేశీ చిత్రాలకు గౌరవ పురస్కారాలు మాత్రమే ఇచ్చేది. ‘బైసికిల్ థీవ్స్’, ‘రషోమాన్’ ఆ విధంగానే పురస్కృతమయ్యాయి. విదేశీ భాషాచిత్రం పోటీ విభాగమైంది 1956 నుంచి. అప్పటి నుంచి ప్రతి దేశమూ ఒక్క చిత్రాన్ని మాత్రమే పంపాలి. పంపేది నిర్మాత కాదు, అకాడమీ గుర్తించిన జాతీయ సంస్థ. 2019లో ఈ విభాగం ‘అంతర్జాతీయ చిత్రం’గా పేరు మార్చుకున్నా ఏకచిత్ర నియమం మారలేదు. ఒక దేశానికి ఒక భాష, ఒక సినిమా పరిశ్రమ ఉంటాయన్న ఐరోపా ఊహ ఈ నియమానికి పునాది అని నా అభిప్రాయం. అనేక భాషల్లో చిత్రాలు తీసే దేశంలో ఈ నియమం అసలు పోటీకి ముందే మరొక పోటీని సృష్టిస్తుంది.

మనదేశంలో ఆ ఎంపిక ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా చేతిలో ఉంది. ఇది ప్రభుత్వ విభాగం కాదు, పరిశ్రమ సంస్థల సమాఖ్య. నిర్మాతలు దరఖాస్తు చేసుకున్న చిత్రాలనే దాని సంఘం పరిశీలిస్తుంది. కాబట్టి ఎంపికైన చిత్రాల జాబితాను ఆయా సంవత్సరాల ఉత్తమ చిత్రాల జాబితాగా చదవడం పొరపాటు. 1957లో ‘మదర్ ఇండియా’తో మొదలైన ఈ వరుసలో తుది నామినేషన్ దాకా వెళ్ళినవి అది కాక ‘సలామ్ బాంబే’ (1988), ‘లగాన్’ (2001) మాత్రమే.

తెలుగు నుంచి ఇంతవరకు ఈ మార్గాన వెళ్ళిన చిత్రం ఒక్కటే: కె. విశ్వనాథ్ దర్శకత్వంలో ఏడిద నాగేశ్వరరావు నిర్మించిన ‘స్వాతిముత్యం’ (1986). అది నామినేషన్ పొందలేదు. 1985లో ‘సాగర్’, 1986లో ‘స్వాతిముత్యం’, 1987లో ‘నాయకన్’ - వరుసగా మూడేళ్ళు మూడు భాషల చిత్రాలు వెళ్ళగా, మూడింటిలోనూ కమల్ హాసన్ నటించడం యాదృచ్ఛికమే కావచ్చు, విస్మరించదగినది మాత్రం కాదు. తమిళానికి ‘దైవమగన్’ (1969)తో తెరిచిన ద్వారం ఆ తరువాత ‘అంజలి’, ‘తేవర్ మగన్’, ‘కురుదిప్పునల్’, ‘ఇండియన్’, ‘జీన్స్’, ‘హే రామ్’ వరకు తెరిచే ఉంది. ఈ పట్టికలో ‘జీన్స్’ ఉండడం చూస్తే కళావిలువ ఒక్కటే గీటురాయి అనడం కష్టం.

ఎంపికపై వివాదాలూ లేకపోలేదు. 2007లో ‘ఏకలవ్య’ ఎంపికను సవాలు చేస్తూ ‘ధర్మ్’ దర్శకురాలు భావనా తల్వార్ బొంబాయి హైకోర్టును ఆశ్రయించారు. 2013లో ‘ది లంచ్‌బాక్స్’ను కాదని గుజరాతీ చిత్రం ‘ది గుడ్ రోడ్’ను పంపడంపై విస్తృతంగా చర్చ జరిగింది.

2022లో మళ్ళీ ఒక గుజరాతీ చిత్రమే, ‘ఛెల్లో షో’, ఎంపికైంది. అయితే ఈసారి ‘ఆర్.ఆర్.ఆర్.’ మరొక ద్వారం గుండా పోటీలో నిలిచింది. అమెరికాలోని నిర్దేశిత నగరాల థియేటర్లలో కనీసం 7 రోజులు ఆడిన చిత్రాన్ని ఏ దేశపు సిఫారసూ లేకుండానే సాధారణ విభాగాలకు పంపవచ్చు. అమెరికా పంపిణీదారు వేరియన్స్ ఫిల్మ్స్ చేసింది అదే. 2023 మార్చి 12న కీరవాణి స్వరపరచగా చంద్రబోస్ రాసిన ‘నాటు నాటు’కు ఉత్తమ మౌలిక గీతం పురస్కారం లభించింది.

ఈ రెండవ ద్వారాన్ని చూసి మొదటిది అనవసరమని కొందరు భావించారు. దానితో ఏకీభవించలేను. సాధారణ విభాగాల్లో పోటీకి విదేశీ పంపిణీదారు, అక్కడి థియేటర్లు, దీర్ఘకాల ప్రచారానికి తగిన ధనం కావాలి. భారీ చిత్రానికి ఇవి సాధ్యం. నేటి కాలపు ‘స్వాతిముత్యం’ వంటి చిన్న చిత్రానికి అవి అందవు. దానికి మిగిలేది దేశం పంపే ఆ ఒక్క స్థానమే. దాని కోసం అది హిందీతోనూ తమిళంతోనూ మాత్రమే కాదు, మలయాళం, మరాఠీ, అస్సామీ, గుజరాతీలతోనూ పోటీపడాలి. అంతకంటే ముందు దాని నిర్మాత దరఖాస్తు చేయాలి.