అరవై దాటితే

తలవంచి గడప దాటాలి. లోపలంతా పొగ. చూపు కుదురుకునేదాకా ఏమీ కనబడదు. ముందు కుంపట్లో ఎర్రటి నిప్పులు, తర్వాత నులకమంచం పట్టె, ఆ తర్వాత ఒత్తిగిలి పడుకున్న బాలింత పాదాలు. పచ్చి బాలింతకు గాలి తగలకూడదని ఉన్న ఒక్క కిటికీలోనూ గోనెసంచి కుక్కేశారు.

1997 జనవరి. మహారాష్ట్ర తూర్పు కొసన గడ్చిరోలి జిల్లా. బయట ఇప్పచెట్ల ఆకుల మీంచి మంచు బొట్లుబొట్లుగా రాలుతోంది. ఇదే జిల్లాలో దక్షిణంగా సిరొంచ వైపు వెళితే చెవికి తెలుగు తగులుతుంది. ఇక్కడ మాత్రం మరాఠీ, గోండీ. ఊరి పేరు, మనుషుల పేర్లు వద్దు. ఆ చలికాలం ఇలాంటి ఇళ్లు, ఇలాంటి రాత్రులు చాలానే ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో మనం గోడ వారన కూర్చున్నామనుకోండి.

మంచం పక్కన నేల మీద ఒకావిడ సంచి విప్పుతోంది. ఈ ఊరి కోడలే. ఏడో తరగతితో చదువు ఆగింది. పగలంతా కళ్లంలో పనిచేసి, అన్నం తిని, కబురందగానే వచ్చింది. ఊళ్లో ఆమెను ఆరోగ్యదూత అంటారు. సంచిలోంచి స్ప్రింగు త్రాసు, థర్మామీటరు, దూది, ఒక చిన్న మందుసీసా, ఒక నోటుబుక్కు వరసగా బయటికొచ్చాయి.

"ఎన్నో రోజు?"

"ఆరు," అంది తల్లి. "నిన్నటిదాకా బాగానే తాగాడు. పొద్దుట్నుంచీ రొమ్ము నోట్లో పెడితే వదిలేస్తున్నాడు."

"ఏడుపో?"

"ఏడుపెక్కడ? పిల్లికూన మూలిగినట్టు మూలుగుతున్నాడు."

ఆమె బిడ్డను గుడ్డలోకి తీసుకుని త్రాసు కొక్కేనికి తగిలించింది. ముల్లు రెండు కిలోలు దాటి కొంచెం ముందుకు జరిగి ఆగింది. థర్మామీటరు చంకలో పెట్టి, బుల్లి చేతిని ఒంటికి ఆనించి పట్టుకుంది. తీశాక లాంతరు దగ్గరికి వంచి చూసింది. 95 డిగ్రీలు కూడా లేదు. పసిగుడ్డుకు ఒళ్లు కాలడమే కాదు, చల్లబడటమూ ప్రమాదమే. నోటుబుక్కులో రాసుకుంది.

ఇప్పుడు వేలెత్తి అందర్నీ మాట్లాడొద్దంది. బిడ్డ చొక్కా పైకి జరిపి పొట్ట మీద చూపు నిలిపింది. పైకి, కిందికి. పైకి, కిందికి. మణికట్టున గడియారం.

మూల కూర్చున్న ముసలి మంత్రసాని కూడా ఒళ్లోంచి తన పరికరం తీసింది. అందులో ఒక్క నిమిషం ఇసుక గడియారం, రెండు వరసల పూసలు ఉన్నాయి. అంకెలు రానివాళ్ల కోసం చేసినది. పది ఊపిర్లకు ఒక పూస పక్కకు జరపాలి. ఇసుకంతా రాలకముందే ఎర్రపూస దాకా వచ్చేస్తే న్యుమోనియా అని అనుమానించాలి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి అరవై ఊపిర్లు హద్దు.

ఆరోగ్యదూత పెదవులు కదులుతున్నాయి. మంత్రసాని వేళ్లూ కదులుతున్నాయి. కుంపట్లో ఒక బొగ్గు చిటపటమంది. మంత్రసాని బొటనవేలు ఎర్రపూస మీద ఆగింది. ఇసుక ఇంకా రాలుతూనే ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఈ పూసలు ఇక్కడికి రావడం వెనక ఒక డాక్టర్ల జంట ఉంది. అభయ్ బంగ్, రాణి బంగ్ అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదువుకుని, 1986లో వచ్చి గడ్చిరోలిలో 'సెర్చ్' సంస్థ పెట్టారు. 1988 నుంచి పిల్లల న్యుమోనియా మీద పడ్డారు. తర్వాత అంతకంటే చిన్న ప్రాణాలను లెక్కపెట్టడం మొదలుపెట్టారు. 1993 నుంచి రెండేళ్ల లెక్క తేలితే, పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 62 మంది నెల నిండకుండానే పోతున్నారు. పెద్ద కారణాల్లో ఒకటి సెప్సిస్, అంటే ఒళ్లంతా పాకే ఇన్ఫెక్షన్. పట్నంలోనైతే రక్తపరీక్ష చేస్తారు. ఇక్కడ వాళ్లు తయారుచేసిన ఆరోగ్యదూత దగ్గరున్నది లక్షణాల జాబితా ఒక్కటే: తాగే బిడ్డ తాగడం మానడం, ఏడుపు నీరసపడటం, ఒళ్లు చల్లబడటం, పొట్ట ఉబ్బడం, బొడ్డు చీము పట్టడం... వీటిలో ఏ రెండు కలిసి కనబడ్డా ఊరుకోకూడదు. ఈ బిడ్డకు మూడు కనబడ్డాయి.

"ఆసుపత్రికి తీసుకెళ్లండి," అంది ఆమె. ముందు ఈ మాట చెప్పి తీరాలి. అది నియమం.

"ఈ చలిలోనా?" ఆజీ కుంపటి ఎగదోసింది. ఇక్కడ నాయనమ్మను అలాగే పిలుస్తారు. "దారిలోనే కొయ్యబారిపోతాడు. వెళ్లేదెట్లా, అక్కడ ఉండేదెట్లా?"

తండ్రి నేల చూపులు చూస్తున్నాడు. ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసి, లాంతరు వెలుగులో తడుముకోకుండా చదివింది. ఆసుపత్రికి వెళ్లమని చెప్పాను, మీరు వెళ్లలేమన్నారు, ఇంటి దగ్గరే సూది వేయడానికి ఒప్పుకుంటున్నారు అని దాని సారాంశం. తండ్రి వంకరటింకరగా సంతకం పెట్టాడు.

సీసా మూత మీద దూది రుద్దింది. సిరంజి ఎత్తి పట్టి గాలిబుడగ పోయేదాకా మెల్లగా నొక్కింది. బిడ్డ తొడ ఆమె బొటనవేలంత ఉంది. సూది దిగినప్పుడు బిడ్డ కెవ్వుమనాలి. సన్నగా మూలిగాడంతే. తల్లి మొహం తిప్పుకుంది. తర్వాత రెండో మందు, సిరప్పు, నోట్లో పోసింది. తల్లి చేత పాలు పిండించి చెంచాతో పట్టించింది. బిడ్డను వెచ్చగా చుట్టి తల్లి గుండెకు ఆనించి పడుకోబెట్టింది.

పట్నం ఆసుపత్రిలో పనిచేసేవాళ్లెవరైనా ఇది చూస్తే ఉలిక్కిపడతారు. ఏడో తరగతి మనిషి చేతిలో పసిబిడ్డకు సూదా? ఆ సూదిమందు జెంటామైసిన్. కొత్తదేమీ కాదు, 1963 నుంచీ ఉన్నదే. గడ్చిరోలిలో పరీక్షకు పెట్టింది మందును కాదు, దాన్ని పట్టుకున్న చేతిని. ఆ చేతికి నేర్పించారు, మళ్లీ మళ్లీ చేయించి చూశారు. డాక్టరు వచ్చి ఆమె నోటుబుక్కు తిరగేస్తాడు, రాసినదానికీ బిడ్డకూ పొంతన ఉందో లేదో చూస్తాడు.

ఈ లెక్కకు రెండో వైపు కూడా ఉంది. ఆరోగ్యదూతలున్న ఊళ్లు 39. పోలిక కోసం పెట్టుకున్న ఊళ్లు 47. అక్కడ మామూలుగా దొరికే ప్రభుత్వ వైద్యమే. ఇదే రాత్రి ఆ ఊళ్లలో ఏదో ఒక ఇంట్లో ఇలాగే ఒక బిడ్డ పాలు మానేసి ఉంటాడు. అక్కడ పుట్టుకలూ చావులూ కూడా అంతే జాగ్రత్తగా రాశారు.

ఫలితాలు 1999 డిసెంబరులో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఈ ప్రయోగం మూడో ఏడు తిరిగేసరికి ఆరోగ్యదూతల ఊళ్లలో నెలలోపు బిడ్డల చావులు వెయ్యికి 25 దగ్గరికి దిగాయి. పోలిక ఊళ్లలో అరవై దగ్గరే ఆగాయి. సెప్సిస్ సోకిన ప్రతి వందమందిలో ఇంతకుముందు పదహారు పదిహేడు మంది పోయేవాళ్లు. ఇప్పుడు ముగ్గురికి లోపే.

ఈ ఇంట్లో మాత్రం ఇంకా మొదటి రాత్రే. ఆమె రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది. వారం పైనే సూదులు వేయాలి. నాలుగో రోజు పొద్దున ఆమె వాకిట్లోకి రాగానే ఆజీ ఏమీ చెప్పలేదు. లోపలి నుంచి ఏడుపు వినబడింది, చెవులు చిల్లులు పడేలా.

2011 నుంచి దేశమంతా ఆశా కార్యకర్తలు ఇదే దారి నడుస్తున్నారు. మన తెలుగు పల్లెల్లోనూ ఆసుపత్రిలో కాన్పయితే, బిడ్డ పుట్టిన మూడో రోజున, ఏడో రోజున, అలా నలభై రెండో రోజు దాకా ఆరుసార్లు ఆశా అక్క వస్తుంది. ఆమె సంచిలో త్రాసు ఉంది, థర్మామీటరు ఉంది, గడియారం ఉంది. సూది లేదు. అది ప్రభుత్వ నర్సు ఏఎన్ఎం చేతిలోనే ఆగిపోయింది. ఏఎన్ఎం ఎంత దూరంలో ఉంటే సూదీ అంత దూరంలోనే ఉంటుంది.

ఈసారి మీ ఇంటి వసారాలో ఆమె వేలెత్తితే మాటలు ఆపండి. టీవీ కట్టేయండి. చొక్కా పైకి జరిపి, గడియారం చూస్తూ, పెదవులు కదుపుతుంది. ఆ ఒక్క నిమిషం ఆమెకు వదిలేయండి.