ఇంటి కేకు: పొంగు, పూత, చెరకు

కేకును మెత్తగా పొంగించడం, దానిపై తెల్లని చక్కెర పూత వేయడం అనే రెండు పనులు సామాన్యుల వంటింటికి చేరడానికి ఇంగ్లండులో చాలా కాలం పట్టింది. 18వ శతాబ్దపు గృహిణులు పిండిని ఈస్టుతో పులియబెట్టేవారు, లేదా గుడ్లను చాలాసేపు గిలక్కొట్టి, వాటిలో చేరిన గాలి బుడగల మీదే ఆధారపడేవారు. 1843లో బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్ బర్డ్, ఈస్టు పడని తన భార్య కోసం, వంటసోడాను ఒక ఆమ్ల పదార్థంతో కలిపి బేకింగ్ పౌడరు తయారుచేశాడు. తడి తగలగానే ఈ రెండూ చర్య జరిపి విడుదల చేసే బొగ్గుపులుసు వాయువు పిండిని పొంగిస్తుంది.

అలంకరణ చరిత్ర చక్కెర ధరతో ముడిపడి ఉంది. గుడ్డు తెల్లసొనలో మెత్తని చక్కెర పొడి కలిపి గిలక్కొట్టగా వచ్చే, ఆరితే గట్టిపడే పూతను రాయల్ ఐసింగ్ అంటారు. శుద్ధిచేసిన చక్కెర ఖరీదైనంత కాలం ఆ తెలుపు సంపదకు గుర్తుగా నిలిచింది. 1874లో బ్రిటన్ చక్కెర సుంకాన్ని రద్దు చేశాక అది సాధారణ కుటుంబాలకు మరింత అందుబాటులోకి వచ్చింది. అయితే ఆ తీపి వెనుక కరీబియన్ బానిసల చెమట, ఆ తరువాత మారిషస్ తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన భారతీయుల శ్రమ ఉన్నాయి. ఆ కూలీలలో తెలుగువారూ ఉన్నారన్నది మరువరాని సత్యం.