లక్నో ముద్రణాలయము – హమ్జా గాథల ప్రచురణ

ఒక మతస్థుల కథలను వేరొక మతస్థుడు ప్రచురించినయెడల పాఠకులు నమ్ముదురా? ఈ ప్రశ్నకు లక్నో చరిత్రలో జవాబున్నదని మేము భావించుచున్నాము.

1858లో అచ్చట ముద్రణాలయము స్థాపించిన మున్షీ నవల్ కిషోర్ హిందువు. ఆయన ఖురానును ముద్రించెను. మహమ్మదు ప్రవక్త పినతండ్రి హమ్జా పేరిట అల్లుకొన్న సాహసగాథలను 1883 మొదలు ఉర్దూలో విస్తృత సంపుటములుగా వెలువరించెను. 1895లో ఆయన మరణించిన పిమ్మటను ఆ పని సాగి, 46 సంపుటములైనది.

ఈ గాథలను నోట కథచెప్పు దాస్తాన్‌గోలచేతనే ఆయన వ్రాయించెను. లోహపు అచ్చక్షరములను విడిచి, లేఖకుని చేవ్రాతను రాతిమీదికెక్కించు శిలాముద్రణమును వాడెను. అందువలన దేశమందలి ఉర్దూ పాఠకులకు అలవాటైన నస్తలీఖ్ లిపి సొంపు చెడలేదు.

ప్రచురణకర్త వేరైనను, కథ దానిని ఎరిగినవారి నోటనుండియే, చదువరుల లిపిలోనే వెలువడినది. నమ్మకమునకు కారణమిదియేనని మా అభిప్రాయము.