గుర్రం గుర్రాన్ని తన్నితే నష్టం ఎవరిది?

ఒక రాత్రి ఇంగ్లండులో ఒక ఆడగుర్రం కంచెలోని కంతగుండా పక్కవారి పొలంలోకి వెళ్లింది. అక్కడున్న గుర్రంతో దానికి కయ్యం వచ్చి, ఒక్క తన్ను తన్నింది. పొలం యజమాని గుర్రానికి కాలు విరిగింది. కాలు విరిగిన గుర్రం ఇక దేనికీ పనికిరాదు కనుక దాన్ని చంపవలసి వచ్చింది. 1865లో తీర్పు వెలువడిన ఆ వ్యాజ్యం పేరు లీ వర్సెస్ రైలీ.

ఆడగుర్రం యజమాని చెప్పుకున్న సమాధానం మనకు అపరిచితమైనది కాదు. నా గుర్రం తన్నే గుర్రమని నాకు తెలియదు. ఇంతకుముందు అది ఎవరినీ తన్నిన దాఖలా లేదు. తెలియనిదానికి నేను బాధ్యుణ్ణి ఎలా అవుతాను? న్యాయస్థానం ఈ వాదాన్ని ఒప్పుకోలేదు. కంచెను బాగుచేయించవలసిన వాడు ఆయనే, ఆయన గుర్రమే సరిహద్దు దాటింది. కొత్త గుర్రాలు ఎదురుపడినప్పుడు తన్నుకోవడం వాటి స్వభావానికి విరుద్ధం కాదు. కనుక నష్టం ఆయనే భరించాలని తేల్చింది. 1874లో ఎల్లిస్ వర్సెస్ లాఫ్టస్ ఐరన్ కంపెనీ కేసులో న్యాయమూర్తులు మరో అడుగు ముందుకు వేశారు. అక్కడ గుర్రం కంచె దాటనే లేదు. తీగకంచె ఆవలినుంచే పక్కవారి ఆడగుర్రాన్ని కరిచింది, తన్నింది. గుర్రం నోరు, కాలు హద్దు దాటి వచ్చినా అది అక్రమ ప్రవేశమేనని, యజమాని నిర్లక్ష్యం చేశాడా లేదా అన్న విచారణ అక్కర్లేదని కోర్టు చెప్పింది.

అయితే కంచె అసలు లేని చోట ఏమవుతుంది? రెండు గుర్రాలూ యజమానుల సమ్మతితోనే ఒకే మేతబయలులో ఉన్నాయనుకుందాం. ఒకటి మరొకదాన్ని తన్ని కాలు విరిచింది. ఆ దేశపు పాత న్యాయం ఇక్కడ ఒక్కసారిగా పక్కకు తప్పుకుంటుంది. ఎవరూ హద్దు దాటలేదు కనుక అక్రమ ప్రవేశం లేదు. తన్నిన గుర్రానికి అలాంటి దుర్గుణం ఉందనీ, అది యజమానికి ముందే తెలుసుననీ రుజువు చేయాలి, లేదా ఎవరిదైనా అజాగ్రత్తను చూపాలి. అది చేయలేకపోతే నష్టం పడ్డచోటే ఉండిపోతుంది. గుర్రం పోయిన వాడిదే నష్టం, రుజువు భారమూ వాడిదే.

పార్లమెంటు గురించి, పార్టీల గురించి రాసే ఈ చోట గుర్రాల తగాదా ఎందుకని పాఠకులు అడగవచ్చు. ఆంబోతులు కుమ్ములాడుకుంటే మధ్యన నలిగేది లేగదూడలని మన సామెత. లేగదూడ నలిగిందన్నంతవరకే సామెత చెబుతుంది, దూడ ఖరీదు ఎవరు కట్టాలన్నది చెప్పదు. ఆ రెండో ప్రశ్నకు మనుషులు నాలుగు వేల ఏళ్లుగా సమాధానాలు వెతుకుతున్నారు. ఆ సమాధానాల్లో ఒకటి భోపాల్ దాకా వచ్చింది.

బాగ్దాద్ శివారులోని టెల్ హర్మల్ దిబ్బలో 1940లలో మట్టిపలకలు బయటపడ్డాయి. వాటిమీద ఎష్నున్నా అనే ప్రాచీన రాజ్యపు చట్టం ఉంది. ఒక ఎద్దు మరొక ఎద్దును పొడిచి చంపితే ఏం చేయాలో అది నిర్ణయించింది. బతికున్న ఎద్దు విలువనూ, చచ్చిన ఎద్దు కళేబరాన్నీ ఇద్దరు యజమానులూ సగం సగం పంచుకోవాలి. తప్పెవరిదన్న తర్కం లేదు, సాక్షులు లేరు, ఏ ఎద్దు ముందుగా తల వంచిందన్న విచారణ లేదు. యూదుల ధర్మగ్రంథంలోని నిర్గమకాండంలో ఇదే సూత్రం కనిపిస్తుంది. అక్కడ ఒక ముఖ్యమైన షరతు చేరింది. ఆ ఎద్దు పొడిచేదని ముందే తెలిసీ యజమాని కట్టివేయకపోతే పంపకం ఉండదు, ఎద్దుకు ఎద్దు ఇచ్చి తీరాలి.

నాకు ఈ మొదటి పరిష్కారం మీద గౌరవం ఉంది. ఇద్దరూ ఒకే బయలు వాడుకుంటున్నారు, ఆ వాడుక లాభం ఇద్దరిదీ, కాబట్టి దాని ముప్పూ ఇద్దరిదే. ఉమ్మడి భూమి మీద బతికే సమాజం తగాదాను పెంచకుండా తెంచే పద్ధతి ఇది. అలాగని దాన్ని స్వర్ణయుగపు న్యాయంగా చిత్రించబోవడం లేదు. కొంతకాలానికి వచ్చిన హమ్మురాబీ శాసనంలో, పొడుస్తుందని తెలిసిన ఎద్దు మనిషిని చంపితే యజమాని చెల్లించవలసిన వెండి స్వతంత్రుడైతే అర మినా, బానిసైతే మూడోవంతు మినా. పరిహారం లెక్కలో మనిషికీ మనిషికీ తేడా చూపడం పాత అలవాటే.

రోమన్లది మరో దారి. పన్నెండు ఫలకాల చట్టం ప్రకారం పశువు నష్టం చేస్తే యజమాని సొమ్మయినా కట్టాలి, పశువునైనా అప్పగించాలి. తర్వాతి న్యాయవేత్తలు దీనికి ఎన్నో మెలికలు చేర్చారు. తన్నే అలవాటున్న గుర్రం తన్నితే యజమాని బాధ్యుడు. ఎవరో కొట్టిన బాధకు గుర్రం తన్నితే మాత్రం కొట్టినవాడే బాధ్యుడు. రెండు పొట్టేళ్లో రెండు ఎద్దులో పోట్లాడుకుని ఒకటి చస్తే, కయ్యానికి కాలు దువ్వినది ఏదని చూడాలన్నాడు క్వింటస్ మ్యూషియస్. దూకినదే చస్తే దావా లేదు, ఊరికే ఉన్నది చస్తే ఉంది. వినడానికి సబబుగానే ఉంటుంది. కాపరి కూడా లేని బయలులో ఏది ముందుగా దూకిందో సాక్ష్యం ఎవరు చెబుతారు?

మన దగ్గర ఈ ప్రశ్న కాపరి చుట్టూ తిరిగింది. యజమానికీ పశుల కాపరికీ మధ్య వచ్చే తగవును మనుస్మృతి పద్దెనిమిది వ్యవహార పదాల్లో ఒకటిగా లెక్కించింది. పగలు పశువుల బాధ్యత కాపరిది. రాత్రి ఇంటికి చేరాక యజమానిది. ఇంత స్పష్టమైన విభజన ఇంగ్లిషు తీర్పుల్లో నాకు కనిపించలేదు. పశువు ఎవరి అధీనంలో ఉందో ఆ వేళకు జవాబుదారీ వారిదే. అయితే ఆ ఒడంబడికలో బలమైన వాడు యజమాని, బలహీనుడు కాపరి. పగటి ప్రమాదమంతా కాపరి నెత్తిన పెట్టిన చట్టాన్ని రాసింది కాపరులు కాదు.

అర్థశాస్త్రం మరింత నిక్కచ్చిగా మాట్లాడుతుంది. ఎద్దును ఎద్దు మీదికి ఉసిగొలిపి పోట్లాడించిన వాడికి ప్రథమ సాహస దండం. అందులో ఎద్దు చస్తే ఉత్తమ సాహస దండం. కొమ్ములూ కోరలూ ఉన్న జంతువు ఒకరిని హింసిస్తుండగా విడిపించని యజమానికి శిక్ష ఉంది. బాధితుడు కేక పెట్టినా కదలకపోతే అది రెట్టింపు అవుతుంది. యాజ్ఞవల్క్యుడు దాదాపు ఇదే చెబుతూ, విడిపించగల శక్తి ఉండీ ఊరుకున్నవాడు అని స్పష్టం చేశాడు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను అనుసరించి తిక్కన సమకాలికుడు మూలఘటిక కేతన 13వ శతాబ్దంలో తెలుగులో విజ్ఞానేశ్వరీయం రచించాడు. చట్టం తెలుగులో ఉండాలని ఇవాళ అడుగుతున్నవారికి అది గుర్తుండాలి.

కౌటిల్యుడి జాబితాలో ఒక మినహాయింపు నన్ను ఎప్పుడూ ఆకర్షిస్తుంది. పొలాల్లో పడి మేసిన పశువులకు దండన చెబుతూ, గ్రామదేవత పేర విడిచిన వృషభాలను అతడు అందులోంచి తప్పించాడు. దేవుడి పేరున ముద్ర వేసి వదిలిన ఎద్దుకు యజమాని ఉండడు, దాని మేతకు అడ్డుండదు. అచ్చోసిన ఆంబోతు అన్న తిట్టు మన నాలుక మీదికి ఊరికే రాలేదు. రాజకీయ వార్తలు రాసేవాళ్లం ఆ మాటను అతిగా వాడి అరగదీశాం కానీ, దాని అసలు అర్థం చట్టపరమైనది. చేసిన నష్టానికి ఎవరూ జవాబు చెప్పనక్కరలేని జంతువు అది.

బ్రిటిష్ పాలన వచ్చాక ఈ స్మృతులు వారసత్వానికీ వివాహానికీ పరిమితమయ్యాయి. పశువుల కోసం 1871లో పశు అతిక్రమణ చట్టం వచ్చింది. ఊరూరా బందెలదొడ్డి ఆ చట్టపు చిహ్నమే. ఏనుగు నుంచి మేకపిల్ల దాకా పేరుపేరునా లెక్కించిన ఆ చట్టంలో గుర్రాలున్నాయి, గాడిదలున్నాయి. కానీ అది పట్టించుకున్నది పంటనూ భూమినీ. అంతకుముందే వచ్చిన 1860 నాటి శిక్షాస్మృతి 289వ సెక్షన్‌లో జంతువు వల్ల మనిషి ప్రాణానికి వచ్చే ముప్పును, 429లో మనిషి కావాలని గుర్రాన్నో ఎద్దునో చంపడాన్ని శిక్షించింది. పశువు పంటను పాడుచేస్తే, మనిషిని పొడిస్తే, మనిషి పశువును చంపితే చట్టం ఉంది. పశువు పశువును చంపినచోట ఖాళీ. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో మాత్రం ఒక గుర్రం తొంగిచూస్తుంది. పొగరుబోతుదని తెలిసీ ఆ సంగతి చెప్పకుండా గుర్రాన్ని ఎరువిచ్చినవాడు, దానిమీదనుంచి పడ్డవాడి గాయాలకు బాధ్యుడని 150వ సెక్షన్ ఉదాహరణ. అదే చట్టం 151వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన సొత్తును మామూలు వివేకం ఉన్న మనిషి తన సొత్తును చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలి. జీతం పుచ్చుకుని పదిమంది గుర్రాలను ఒకే బయలులో వదిలే గుర్రపుశాలవాడి మీద మన దేశంలో దావా వేయదలచినవారికి నేటికీ ఒక ఆధారం ఈ 151వ సెక్షన్.

మిగతాదంతా తీర్పులకు వదిలేశారు. న్యాయం, సమత, సదంతఃకరణ అనుసరించి తీర్పు చెప్పాలన్నది కంపెనీ నాటి సూత్రం. ఇక్కడి సమాజానికీ పరిస్థితులకూ పొసిగితే ఇంగ్లిషు న్యాయసూత్రాలే ఆ సదంతఃకరణ అని 1887లో ప్రివీ కౌన్సిల్ వ్యాఖ్యానించింది. సర్ ఫ్రెడరిక్ పొలాక్ భారత ప్రభుత్వం కోసం పౌర అపకారాల బిల్లును తయారుచేశాడు. అది శాసనం కాలేదు, ఆయన గ్రంథం చివర అనుబంధంగా మిగిలింది. ఆ ఖాళీని స్వతంత్ర భారత పార్లమెంటు కూడా నేటివరకు సమగ్రంగా పూరించలేదు.

ఈ ఖాళీ గుర్రాలకే పరిమితమైతే ఇంత రాయనక్కరలేదు. లీ గుర్రం కేసు తేలిన మరుసటి ఏడాది, 1866లో, లాంకషైర్‌లో ఒక మిల్లు యజమాని కట్టించిన జలాశయం తెగి పక్క బొగ్గుగనిని ముంచిన కేసు జస్టిస్ బ్లాక్‌బర్న్ ముందుకు వచ్చింది. బయటపడితే హాని చేసే వస్తువును తన భూమి మీదికి తెచ్చుకున్నవాడు తన తప్పు లేకపోయినా నష్టానికి బాధ్యుడని ఆయన తేల్చాడు. ఆయన ఆశ్రయించిన పోలికల్లో మొదటిది పొరుగువాడి గడ్డి మేసిన పశువు. రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్‌గా న్యాయవిద్యార్థులందరికీ తెలిసిన సూత్రం ఇదే. అంటే ఆధునిక పారిశ్రామిక బాధ్యత కంచె దాటిన పశువు నుంచి పుట్టింది. పుట్టుకతోపాటు పశువు కేసుల్లోని మినహాయింపులూ వచ్చాయి. దైవఘటన, అపరిచితుడి చేష్ట, బాధితుడి సమ్మతి ఉంటే యజమాని తప్పించుకోవచ్చు.

1984 డిసెంబర్ 2 రాత్రి భోపాల్‌లో విషవాయువు కంచెలు దాటింది. యూనియన్ కార్బైడ్ ముందుకు తెచ్చిన వాదం విద్రోహం. ఎవరో ఉద్యోగి కావాలని చేశాడట. మరోవిధంగా చెప్పాలంటే, నా గుర్రాన్ని ఎవరో కొట్టారు కనుక తన్నింది. ఏడాది తిరగగానే ఢిల్లీలో శ్రీరామ్ కర్మాగారం నుంచి ఓలియం వాయువు లీకైంది. ఆ కేసులో 1986 డిసెంబర్ 20న జస్టిస్ పి.ఎన్. భగవతి నాయకత్వంలోని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, 19వ శతాబ్దపు ఆ సూత్రం మనకు చాలదని ప్రకటించింది. ప్రమాదకరమైన వ్యాపారంతో లాభం పొందేవాడు మినహాయింపులేవీ లేకుండా నష్టం భరించాలి. సంస్థ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దది కావాలి. సంపూర్ణ బాధ్యత అని దానికి పేరు.

భోపాల్ బాధితులకు మాత్రం అది అందలేదు. 1989 ఫిబ్రవరి 14న 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. భగవతి చెప్పింది తీర్పుకు అవసరం లేని పక్కమాట అని భోపాల్ వ్యాజ్యంలోనే అప్పటి ప్రధాన న్యాయమూర్తి రంగనాథ్ మిశ్రా వ్యాఖ్యానించారు. 1991లో పార్లమెంటు చేసిన ప్రజా బాధ్యత బీమా చట్టం తప్పు రుజువు చేయకుండానే పరిహారం అన్నది నిజమే. ప్రాణానికి అది కట్టిన ఖరీదు రూ.25,000. రాజస్థాన్‌లోని బిచ్ఛ్రీ గ్రామపు నేలనూ నీటినీ రసాయన కర్మాగారాలు పాడుచేసిన కేసులో, 1996లో జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఆ పక్కమాట వాదాన్ని తోసిపుచ్చి, సంపూర్ణ బాధ్యత ఈ దేశపు చట్టమేనని స్థిరపరిచారు. కరీంనగర్ ప్రాంతం నుంచి వచ్చిన న్యాయమూర్తి అని చెప్పుకోవడానికి మనకు ఆయన పేరు ఒక మంచి కారణం. భోపాల్ రాజీని తిరగదోడమని కేంద్రం వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2023 మార్చి 14న కొట్టివేసింది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వాయువు వెలువడింది. మరునాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ రూ.50 కోట్లు జమచేయమని కంపెనీని ఆదేశించింది. ఆ మొదటి ఉత్తర్వులో ట్రిబ్యునల్ వాడిన మాట సంపూర్ణ బాధ్యత కాదు, బ్లాక్‌బర్న్ నాటి కఠిన బాధ్యత. ముప్ఫై నాలుగేళ్ల కిందటే అయిదుగురు న్యాయమూర్తులు పక్కనపెట్టిన సూత్రం మళ్లీ ఎలా వచ్చిందని న్యాయవాదులు అడిగారు.