బాంబీ, లేడిరాజు, ఆర్ట్స్ కాలేజీ

లాలాగూడ నుంచి తార్నాక మీదుగా ఉస్మానియా క్యాంపస్‌లోకి వెళ్తే ఎదురుగా ఠీవిగా కనిపించేది ఆర్ట్స్ కాలేజీ. 1939 డిసెంబరులో ప్రారంభమైన ఆ గులాబీ గ్రానైట్ భవనానికి రూపకల్పన చేసిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్, స్తంభాల తీరును అజంతా, ఎల్లోరా గుహల నుంచి తెచ్చుకున్నాడు. ఆ గుహలు అప్పట్లో నిజాం రాజ్యంలోనివే. అదే నెలలో అమెరికాలో ఫ్లైషర్ సోదరుల బొమ్మల సినిమా ‘గలివర్స్ ట్రావెల్స్’ విడుదలైంది. డిస్నీ ‘స్నో వైట్’ వచ్చి అప్పటికి రెండేళ్లు.

బొమ్మల సినిమాకూ అజంతాకూ ఏం సంబంధం? పద్దెనిమిదేళ్ల తర్వాత ఒక లేడి ఆ రెంటినీ కలిపింది.

ముందు బొమ్మల సినిమా పనిలోని ఓపికను చూడాలి. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు. 83 నిమిషాల ‘స్నో వైట్’కు లెక్కవేస్తే లక్షా 19 వేల పైచిలుకు. పెన్సిల్‌తో గీసిన బొమ్మను పారదర్శకమైన సెల్యులాయిడ్ షీటు మీదికి సిరాతో ఎత్తేవారు. గీత చెరిగిపోకుండా షీటును తిరగేసి వెనకవైపు రంగులు నింపేవారు. ఆరాక దాన్ని వెనకటి దృశ్యం మీద పరిచి ఒక ఫ్రేము ఫొటో తీసేవారు. మళ్లీ ఇంకో షీటు. ఈ సిరా పనీ, రంగుల పనీ చేసినవాళ్లలో ఎక్కువమంది యువతులు. సినిమా టైటిళ్లలో వాళ్ల పేర్లు లేవు.

1942లో వచ్చిన ‘బాంబీ’ ఆ తరం సినిమాల్లో తలమానికం. లేడిపిల్ల నడక పట్టుకోవడానికి బతికున్న లేడికూనలనే స్టూడియోకు తెప్పించారు. అడవిని చైనా నుంచి వలస వచ్చిన టైరస్ వాంగ్, ఆకు ఆకూ గీయకుండా పొగమంచులో తేలినట్టు చిత్రించాడు. ఆ సినిమాకు పనిచేసినవారిలో క్లెయిర్ వీక్స్ ఒకడు.

ఆ వీక్సే 1956లో సాంకేతిక సహకార పథకం కింద బొంబాయి ఫిల్మ్స్ డివిజన్‌కు వచ్చి మనవాళ్లకు యానిమేషన్ నేర్పాడు. మద్రాసులో రసాయనశాస్త్రం చదివిన రామ్ మోహన్ అలా తయారైనవాడే. ఆ ఏడాది నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం విడిపోయి అజంతా బొంబాయి రాష్ట్రంలో చేరింది. మరుసటి ఏడు వీక్స్ శిక్షణలో తయారైన సినిమా ‘ద బన్యన్ డీర్’. కథ బౌద్ధ జాతకాల్లోది. అజంతా గోడల నిండా ఉన్నవీ జాతక కథలే.

రోజుకొక లేడి రాజుగారి వంటశాలకు వెళ్లాలన్నది ఒప్పందం. నిండు చూలాలి వంతు వచ్చినప్పుడు లేడిరాజు తానే వెళ్లి తల వంచుతాడు. కాశీరాజు మనసు కరిగి ప్రాణులన్నిటికీ అభయమిస్తాడు. బాంబీ తల్లి వేటగాడి తుపాకీకి బలైంది. ఇక్కడ తల్లి బతికింది. హంగుల్లో డిస్నీ సినిమాకు సాటి రాకపోవచ్చు గానీ, పిల్లలకు చెప్పవలసిన కథగా మన లేడిదే పైచేయి.

అదే 1957లో ‘మాయాబజార్’ వచ్చింది. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరిపోతుంటే తెలుగు పిల్లలు కళ్లప్పగించి చూశారు. కెమెరా మార్కస్ బార్ట్‌లీది. కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా ఆ సినిమాకు పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు, యాభై ఏళ్లు దాటాక 2008లో అదే ఘటోత్కచుణ్ని బొమ్మల సినిమాగా తీశారు. అప్పటికి సిరా, సెల్యులాయిడ్ పోయి కంప్యూటర్లు వచ్చేశాయి. ఆ ఏడాదే హైదరాబాద్ గ్రీన్‌గోల్డ్ సంస్థ ‘ఛోటా భీమ్’ టీవీకెక్కి దేశమంతా ఇంటింటి పిల్లవాడయ్యాడు.

ఇంత యానిమేషన్ పని జరుగుతున్న నగరంలో ‘ద బన్యన్ డీర్’ పేరు విన్న పిల్లలు ఎందరు? లాలాగూడ, తార్నాక బడుల టీచర్లు ఒక శనివారం ‘బాంబీ’నీ దీన్నీ వరసగా వేసి చూపించాలి. ఆ మర్నాడు పిల్లల్ని పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంకు తీసుకెళ్లాలి. నిజాం కాలంలో చిత్రకారులు అజంతా గుహల్లో కూర్చుని గీసి తెచ్చిన నకళ్లు అక్కడే ఉన్నాయి.